చిర్రగోనెకు సర్వే నంబరు లేదు

టైటిల్ అంటే భూమే

ఎల్బీనగర్ కోర్టుల్లో ముప్పై ఏళ్ళకు పైగా నల్లకోటు వేసుకున్నాను. అక్కడ ‘టైటిల్’ అనే మాటకు ఒకటే అర్థం. ఈ భూమి ఎవరిది అని. ఒకే ప్లాటును ముగ్గురికి రిజిస్టర్ చేసినవాళ్ళు, చెరువులో లేఅవుట్ గీసినవాళ్ళు, చచ్చిపోయిన తాత చేత వేలిముద్ర వేయించినవాళ్ళు, వీళ్ళే మాకు అన్నదాతలు. మాది సరూర్‌నగర్ వైపు ఊరు. ఊరంటే ఇప్పుడు లేదు, పట్నం మింగేసింది. ఆ మింగుడులో మా వాళ్ళూ కొంత నమిలారు కాబట్టి ఎవరినీ తప్పు పట్టను.

కొత్తగా వకీళ్ళయిన పిల్లలు మా ఇంటికొచ్చి, “మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి” అంటున్నారు. పనికొచ్చేవి రాస్తే మీకు నచ్చవు, నచ్చేవి రాయడానికి నాకు ఓపిక లేదు. ఎన్ని కేసులు గెలిచానో, బార్ అసోసియేషన్‌లో ఏ కుర్చీలో కూర్చున్నానో రాయను. గెలిచిన కేసులు నాకు సరిగా గుర్తు కూడా లేవు. ఒక పాట పేరు గురించి వేసిన దావా మాత్రం ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. దాని గురించే రాస్తున్నాను. నేర్చుకుంటారో నవ్వుకుంటారో మీ ఇష్టం.

పెద్దసారు చెప్పిన పాఠం

నేను జూనియర్‌గా చేరిన సీనియర్ను అందరూ పెద్దసారు అనేవాళ్ళు. మంచి వకీలు. మంచి మనిషి అని అనలేను. క్లయింటు ఏడుస్తుంటే కిటికీలోంచి బయటకు చూసేవాడు. ఆ ఏడుపు అయిపోయాక, “ఇప్పుడు విషయం చెప్పు” అనేవాడు.

ఆయన దగ్గరికి ఒకసారి దిల్‌సుఖ్‌నగర్‌లో క్యాసెట్లు అమ్ముకునే అతను నోటీసు పట్టుకుని వచ్చాడు. సైదాబాద్‌లో ఒక గుడి కమిటీ వాళ్ళు కార్తీకమాసంలో తెల్లవారుజామున మైకులో వేయడానికి ‘వేకువ దీపం’ అనే భక్తి పాటల క్యాసెట్టు కొనుక్కున్నారు. వేసి చూస్తే అదే పేరున్న సినిమాలోని క్లబ్ డాన్సు పాట మోగింది. చన్నీళ్ళ స్నానాలు చేసి తడిబట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ వినిపించింది. కమిటీ వాళ్ళ మనోభావాలు దెబ్బతిన్నాయి, దుకాణదారు మీద దావా వేశారు.

పెద్దసారు కమిటీ అధ్యక్షుడిని బోనులో నిలబెట్టి మెల్లగా అడిగాడు. “క్యాసెట్టు కవరు చూసే కొన్నారా?”

“చూసే కొన్న.”

“దాని మీద ఏముంది?”

“ఒక ఆడిపిల్ల బొమ్మ.”

“అమ్మవారనుకున్నారా?”

కోర్టు హాలంతా నవ్వింది. అధ్యక్షుడు తల దించుకున్నాడు, కేసు పోయింది. బయటకొచ్చాక పెద్దసారు నాతో అన్నాడు, “పేరు మీద ప్రేమ పెట్టుకోకు అమ్మా. భూమికి పట్టా ఉంటది, పేరుకు ఉండదు. సినిమాకు పెట్టిన పేరు పాటకు పెట్టుకోవచ్చు, పాట పేరు ఆటకు పెట్టుకోవచ్చు. రెండు మూడు మాటలు ఎవ్వడి సొత్తూ కాదు.”

చట్టం కూడా ఇంచుమించు అదే అంటుంది. సినిమా వాళ్ళు తమ పేర్లను తమ సంఘంలో నమోదు చేసుకుంటారు కానీ అది వాళ్ళలో వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. బయటివాడి పాట పేరు వాళ్ళు తీసుకుంటే ఆ సంఘం పట్టించుకోదు. పాటలోని చరణాలు రాసినవాడివే, పల్లవి కూడా రాసినవాడిదే. పేరు ఒక్కటే ఎవరిదీ కాదు. ఇది చదివినప్పుడు నాకు న్యాయంగానే అనిపించింది. సుగుణ వచ్చేదాకా అలాగే అనిపించింది.

సుగుణ

సుగుణది అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. తెలంగాణ ఉద్యమం మళ్ళీ రాజుకున్న రోజులవి. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, ఎక్కడ సభ ఉంటే అక్కడికి పోయి పాడేది. తనే కట్టి పాడిన పాట ఒకటి నల్గొండ రోడ్డు పొడుగునా జనం నోళ్ళలో పడింది. దాని పేరు చిర్రగోనె.

చిర్రగోనె మా దిక్కు పిల్లల ఆట. చిన్న కర్ర చిర్ర, పొడుగు కర్ర గోనె. గుంత మీద పెట్టిన చిర్రను గోనెతో లేపి కొడతారు. సుగుణ పల్లవి ఇలా ఉంటుంది:

*చిర్రగోనె చిర్రగోనె, కొట్టినోడు కొట్టినకాడనె ఉండె*
*దెబ్బ తిన్న చిర్రనేమొ దేశమంత ఎగిరివాయె*

అంతకన్నా వివరించక్కర్లేదు. ఆ రోజుల్లో ఈ రెండు ముక్కలు విని లేచి నిలబడని సభ లేదు.

ఒకరోజు సుగుణ మా ఆఫీసుకు వచ్చి బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. “మేడం, దిల్‌సుఖ్‌నగర్ డిపో గోడకు సినిమా బొమ్మ అంటిచ్చిండ్రు. పేరు చిర్రగోనె. ముందుగాల మంచిగనే అనిపిచ్చింది. మన ఆట పేరు సినిమాకు పెట్టిండ్రు గద అనుకున్న. ఆటో ఎక్కితే పాట వినొచ్చింది. నా పల్లవే. దెబ్బ తిన్న చిర్ర తీసేసి దెబ్బ తిన్న మనసు అని పెట్టిండ్రు. హీరో పిల్ల ఎంబడి పడి పాడుతున్నడట.”

సినిమా ఇంకా విడుదల కాలేదు, పాటల సీడీ మాత్రం ముందే బజారులోకి వచ్చింది. సీడీ మీద పాట రాసిన కవిగా ఇంకొకాయన పేరు వేశారు.

“ఏం కావాలి నీకు?” అని అడిగాను. ఈ ప్రశ్న అడగకుండా దావా రాయకండి. సగం మంది క్లయింట్లకు జవాబు తెలియదు. సుగుణకు తెలుసు.

“పైసలొద్దు మేడం. గా పాట సుగుణది అని తెర మీద ఒక్క ముక్క రాస్తే అయిపాయె. రేపు నేను స్టేజి ఎక్కి పాడితే, సినిమాల నుంచి ఎత్తుకొచ్చింది అనొద్దు.”

ఆమె కోరింది అంతే. నిర్మాతకు మూడు ఉత్తరాలు రాశాం, జవాబు రాలేదు. సినిమా విడుదలకు ముందే ఆపమని దావా వేయడం తప్ప దారి లేకపోయింది.

జాగ ఏది మరి

దావా కాగితం పైన నేను ‘చిర్రగోనె అను పాట టైటిల్ మరియు పల్లవి’ అని రాశాను. నాలుగు రోజుల తర్వాత ఫైలింగ్ సెక్షన్ నుంచి కాగితాలు తిరిగొచ్చాయి. అభ్యంతరాలు: షెడ్యూల్ ఆస్తి వివరాలు లేవు, సర్వే నంబరు లేదు, నాలుగు హద్దులు చూపలేదు.

కాగితాలు పట్టుకుని పరుగెత్తాను. గుమాస్తా నన్ను జాలిగా చూశాడు. “మేడం, టైటిల్ అని మీరే రాసిండ్రు. జాగ ఏది మరి?”

“జాగ కాదయ్యా. పాట పేరు.”

“పాటకు టైటిల్ ఏంది మేడం? ఎవరన్న కబ్జా పెట్టిండ్రా?”

“పెట్టారు” అన్నాను. అబద్ధమేం కాదుగా.

మా పక్క గదిలో శేషగిరి అనే వకీలు ఉండేవాడు. అతని చిన్నప్పుడే తెనాలి వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ కుటుంబం. నేను పళ్ళు కొరుకుతూ మళ్ళీ రాస్తుంటే గుమ్మంలో నిలబడి, “తూర్పున పల్లవి, పడమర చరణం అని హద్దులు రాసెయ్యండి మేడమ్. రేపు సర్వేయరొచ్చి కొలుచుకుంటాడు” అన్నాడు. నవ్వొచ్చింది. ఇప్పుడైతే రాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆ సర్వే నంబరు గొడవ తేలి దావాకు నంబరు పడేసరికి పది రోజులు పోయాయి. ఆ పది రోజులు చేతిలో ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది.

అయితే శేషగిరి ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. “ఇంతకీ చిర్రగోనె అంటే ఏంటండీ?”

“ఇన్నేళ్ళ నుంచి ఇక్కడుంటున్నావు, తెలీదా?” అని చిన్న పెన్సిలూ పొడుగు స్కేలూ తీసుకుని చూపించాను.

“ఓహో, బిళ్ళంగోడా. మా వైపు ఈ మాట విననే వినలేదండీ.”

అతను పోయాడు. నేను ఆ మాటను ఫైలు అట్ట మీద రాసుకున్నాను. ఆ నిర్మాతదీ శేషగిరి వాళ్ళ వైపే.

బిళ్ళంగోడు

రాజీ కుదురుతుందేమోనని జడ్జిగారు ఇరుపక్షాలనూ కోర్టుకు పిలిపించారు. నిర్మాత తెల్లబట్టల్లో వచ్చాడు. మర్యాదస్తుడే, సుగుణకు నమస్కారం కూడా పెట్టాడు. అతని వకీలు పట్నం నుంచి వచ్చినవాడు, పెద్దసారు పాఠమే ఇంగ్లీషులో చెప్పాడు. ఇది పిల్లల ఆట పేరు, రాష్ట్రంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, మా నిర్మాత తన చిన్ననాటి జ్ఞాపకంగా పెట్టుకున్నాడు, ఒక పాటగత్తె ఆ మాటను గుత్తకు తీసుకోవడం కుదరదు అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. ఆ జ్ఞాపకమేదో నిర్మాతగారినే చెప్పనివ్వమన్నాను. జడ్జిగారికి సరదా పుట్టినట్టుంది, “ఏమండీ, మీరు చిన్నప్పుడు బాగా ఆడేవాళ్ళా?” అన్నారు.

“ఆడకేమండీ. బడి ఎగ్గొట్టి మరీ ఆడేవాళ్ళం బిళ్ళంగోడు.”

“ఏమిటీ?”

“అదేనండీ... చిర్రగోనె.”

జడ్జిగారు కలం కింద పెట్టారు. ఆట అందరిదీ కావచ్చు కానీ ఆ మాట అతనికి బాల్యం నుంచి రాలేదు, సుగుణ నోటి నుంచి వచ్చింది. పల్లవితో సహా వచ్చింది. పట్నం వకీలు కౌంటరు వేయడానికి గడువు అడిగాడు. సినిమా శుక్రవారం విడుదల. జడ్జిగారు గురువారానికి వాయిదా వేసి, ఆ రోజు ఉత్తర్వు ఇస్తాను, ఇంక గడువు అడగొద్దు అన్నారు. వరండాలోకి రాగానే సుగుణ నా చెయ్యి పట్టుకుంది. నా వృత్తిలో అంత సంతోషపడిన రోజులు చాలా తక్కువ.

మంగళవారం నాడు ఉద్యమానికి మద్దతుగా వకీళ్ళు కోర్టులు బహిష్కరించాలని పిలుపు వచ్చింది.

గురువారం

నేను తెలంగాణ కోరుకున్నదాన్నే. వకీళ్ళు దీక్షకు వేసిన టెంటులో నేనూ కూర్చున్నాను, నినాదాలూ ఇచ్చాను. బహిష్కారం తప్పని ఇప్పుడు కూడా అనను. కానీ ఎవరి గడువు ఎప్పుడని గడియారం చూసుకుని చేసిన ఉద్యమాలు కావు ఇవి. వకీలు ఒక రోజు లోపలికి పోకపోతే అతనికి పోయేది ఫీజే, అదీ రేపు వసూలు చేసుకుంటాడు. క్లయింటుకు రేపు ఉందో లేదో ఎవరూ అడగలేదు. జైల్లో ఉన్నవాడికి బెయిలు ఆగింది, ఇల్లు కూలగొట్టేవాడికి అడ్డు లేకుండా పోయింది. ఎవరి కోసం పోరాడుతున్నామన్నామో, అలా ఆగినవాటిలో వాళ్ళ కేసులే ఎక్కువ.

నేను ముందే మా వకీళ్ళ నాయకుడి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. అతను గట్టి ఉద్యమకారుడు, మైకు పడితే జనం ఊగిపోయేవాళ్ళు. “కేసులున్నోళ్ళను మేము ఆపుతలేం మేడం. మీరు కోటు వేసుకుని లోపలికి పోవద్దు, అంతే. ఆమెను పంపుండ్రి” అన్నాడు. మాట బాగానే ఇచ్చాడు.

అందుకే సుగుణకు నేర్పాను. హాల్లో కూర్చో, నీ పేరు పిలవగానే లేచి చేతులు జోడించు, ‘అయ్యా, రేపే సినిమా, దయచేసి ఉత్తర్వు ఇప్పించండి’ అను, చాలు. ఆ మాటనే ఆమె బస్సులో మళ్ళీ మళ్ళీ అనుకుంటూ వచ్చిందట.

కోర్టు గేటు పక్కనే టెంటు. గేటు దాటాలంటే టెంటు ముందు నుంచే పోవాలి. సుగుణను చూడగానే నాయకుడు మైకులో, “మన సుగుణక్క వచ్చింది. అక్కా, ఒక్కసారి చిర్రగోనె అందుకో” అన్నాడు. టెంటులో ఉన్నవాళ్ళంతా చప్పట్లు మొదలుపెట్టారు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడగడమంటే ఇదే. నేను అడ్డంపడ్డాను. “ఆమె కేసు పిలుస్తారు, ఇప్పుడు కాదు.”

“అయిదు నిమిషాలు మేడం. కేసు యాడికి పోతది? పొద్దుగాల నుంచి ఎండల కూసున్నరు, జర జోష్ రావాలె గద.”

సుగుణ నా వైపు చూసింది. “ఇంతమంది అడుగుతున్నరు మేడం. కాదంటె బాగుంటదా?” అంది. ఆమెను నేను తప్పు పట్టను. పాడేవాళ్ళను పాడనని చెప్పమనడం కడుపుతో ఉన్నదాన్ని కననని చెప్పమన్నట్టే. మైకు అందుకుంది. నల్లకోట్లు లేచి నిలబడ్డాయి, పల్లవి అందరూ ఎత్తుకున్నారు. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పాడమన్నారు. నేను కొంగు పట్టుకుని లాగుతూనే ఉన్నాను. నలువైపులా కట్టిన మైకు హారన్లలో ఆమె పాట తప్ప ఇంకేమీ వినిపించలేదు.

లోపల అటెండరు ఆమె పేరు పిలిచాడు. హాల్లో పిలిచాడు, ఎవరూ లేవకపోతే వరండాలోకి వచ్చి మూడుసార్లు పిలిచాడు. తర్వాత అతనే నాతో చెప్పాడు. “పాట వింటున్న మేడం. పాడేది ఆమెనే అని నాకేం ఎరుక?”

మేము లోపలికి పరుగెత్తేసరికి జడ్జిగారు బెంచి దిగిపోయారు. బహిష్కారం రోజు, వచ్చేవాళ్ళు లేరు, ఎంతసేపు కూర్చుంటారు? కాగితం మీద రెండు వాక్యాలు ఉన్నాయి. పిలవగా హాజరు కాలేదు. పిటిషన్ కొట్టివేయడమైనది. పట్నం వకీలు కూడా రాలేదు. రానక్కర లేదని అతనికి తెలుసు.

సుగుణ జోడించిన చేతులు అలాగే పెట్టుకుని ఖాళీ కుర్చీ ముందు నిలబడింది. నేర్చుకున్న మాట ఒకసారి పైకే అంది. బెంచి క్లర్కు తల ఎత్తకుండా, “మళ్ళా తెరిపించుకునేందుకు పిటిషన్ ఏస్కోండ్రి” అన్నాడు.

ఆ పిటిషన్ రాసింది శేషగిరి. ఆ రోజుల్లో ఆంధ్రావాడని అతన్ని టెంటు వైపు కూడా రానిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో కూర్చుని రాసి పంపాడు, పైసా తీసుకోలేదు. అది విచారణకు వచ్చేసరికి సినిమా వచ్చి వెళ్ళిపోయింది. ఆపడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి దావా నిష్ప్రయోజనమని మూసేశారు. టెంటులో మైకు అందించిన నాయకుడు రాష్ట్రం వచ్చాక మంచి పదవిలోకి పోయాడు. సన్మాన సభకు నన్ను పిలిచాడు, నేను వెళ్ళలేదు.

ఆట, పాట, సినిమా, ఆట

సినిమా పెద్దగా ఆడలేదు. పాట మాత్రం ఆడింది. పెళ్ళిళ్ళ బ్యాండులో అదే, కాలేజీ వార్షికోత్సవంలో అదే. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లో బొమ్మలు గీయడం నేర్పే సంస్థ ఒకటి సినిమా ప్రచారం కోసం చిర్రగోనె పేరుతో ఫోన్లో ఆడే ఆట తయారు చేసింది. అందులో చిర్రను కొడితే హీరోయిన్ నవ్వుతుంది. ఆట పేరు పాటకు వచ్చింది, పాట పేరు సినిమాకు పోయింది, సినిమా పేరు మళ్ళీ ఆటకు వచ్చింది. మధ్యలో ఉన్న మనిషి ఎక్కడా లేదు. మొన్న ఒక జూనియర్ను ఆ పేరు ఇంటర్‌నెట్‌లో వెతకమన్నాను. సినిమా చూపించింది, సీడీ మీది కవి పేరు చూపించింది, ఆట చూపించింది.

పిల్లలూ, మీరు చట్టం బాగా చదువుతారు, నాకు తెలుసు. పెద్దసారు అన్నట్టు పేరుకు పట్టా ఉండదు, నిజమే. కానీ పట్టా ఉన్నవాడు పది రోజులు ఆగగలడు, సెలవు రోజులు ఆగగలడు, సమ్మె ముగిసేదాకా ఆగగలడు. భూమి ఎక్కడికీ పోదు. పాట అలా ఉండదు. ఒక్క శుక్రవారం చాలు, మనిషి చేతిలోంచి పోతుంది. అటువంటి కేసు మీ దగ్గరికి వస్తే, మీ జెండా ఏ రంగుదైనా సరే, లోపలికి పోయి నిలబడండి. తర్వాత తిట్లు తినండి. తిట్లు అరుగుతాయి.

ఆ సినిమా వచ్చిన కొన్ని నెలలకు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర పెద్ద సభ పెట్టారు. నేనూ వెళ్ళాను. చైతన్యపురి హాస్టళ్ళ నుంచి పిల్లలు వందల్లో వచ్చారు. సుగుణ పేరు పిలిచారు. ఆమె వేదిక ఎక్కి, గొంతు సవరించుకుని, “చిర్రగోనె చిర్రగోనె” అని ఎత్తుకుంది. కింద ఈలలు మొదలయ్యాయి. సినిమా హాల్లో వేసే ఈలలు. ఒకడు హీరోలా నడుము ఊపాడు.

వేదిక మీదున్న నిర్వాహకుడు గబగబా వచ్చి మైకును చేత్తో మూశాడు. మూసినా సగం వినిపించింది. “అక్కా, సినిమా పాటలొద్దు. గా ఆంధ్రోల్ల సినిమాది మన స్టేజి మీద పాడితే ఎట్ల? మనది ఏదన్న పాడు.”

సుగుణ మైకు మీద నుంచి అతని చెయ్యి తీసేసింది. తర్వాత ఇంకెవరో కట్టిన పాట ఎత్తుకుంది. బాగా పాడింది, జనం చప్పట్లు కొట్టారు.